పందొమ్మిదో గుంజ దగ్గర ఎడమ దారి

412. శనివారం

ఈ పుస్తకంలో 411 వరకు రాసింది నా కూతురు సుంకులమ్మ. ఇక్కడి నుంచి నేను రాస్తున్నాను. నా పేరు తిప్పమ్మ. మూడో తరగతి దాకా చదివాను. ఒత్తులు తప్పితే చదివేవాళ్లే సర్దుకోవాలి. గట్టు మీద బాటకాపరిగా పోయేవాళ్లు ఏ రోజుది ఆ రోజు రాయాలని మా కట్టుబాటు. పోయిన రోజున సుంకు ఈ పుస్తకం ఇంట్లో మరిచిపోయింది. అందుకే ఇది మిగిలింది.

పొద్దున వరదప్ప మామ వచ్చాడు. ఈ రాతి దొనల్లో కాపురాలు చేసే నూటపది ఇళ్లకు ఆయనే పెద్ద. మంచి మాట చెప్పడానికి వస్తే కూర్చుంటాడు. ఈ రోజు గడప దగ్గరే నిలబడ్డాడు.

"తిప్పమ్మా, చెలమ నుంచి కబురొచ్చింది. ఆడ నీళ్లు అడుగంటినాయంట. వచ్చే శుక్రవారం ఇరవైముగ్గురు బయలుదేరతాండారు. అందులో తొమ్మిదిమంది పిల్లోళ్లు."

"రానీ మామా. మనకాడ చోటుంది గదా."

"చోటుంది. దారి యాడుంది?"

చెలమకూ మాకూ నడుమ ఉన్నది గట్టు ఒక్కటే. నడిచీ సైకిలు తొక్కీ రెండు రోజుల మీద ఒక పూట పడుతుంది. గాలి లేనప్పుడు ఆ దారంత అందమైనది ఇంకోటి ఉండదు. ఎర్రగాలి లేచిందా, చేయి చాపితే వేళ్లు కనపడవు. అప్పుడు పలుకుగుంజలే దిక్కు. మొత్తం ముప్పైయొకటి. మనిషి దగ్గరికి రాగానే "ఎవురు వచ్చేది?" అని అడిగి, ఎటు తిరగాలో ఎన్ని బారలు పోవాలో గుంజ చెబుతుంది. ముప్పైయొకటిలోనూ ఉన్నది నా కూతురి గొంతు.

కాపరి పోతే నలభై రోజుల్లో ఇంకొకరు సైకిలు ముందుకు కొత్త కొలత చక్రం బిగించుకుని గట్టంతా తిరిగి, ప్రతి గుంజకూ తమ గొంతు ఇవ్వాలి. సుంకు ఎర్రగాలిలో పోయి తిరిగి రాక పద్నాలుగు నెలలైంది. నలభయ్యో రోజున నేను వరదప్ప మామ కాళ్లు పట్టుకుని, ఆ గొంతు ఉండనియ్యమని అడిగాను. ఏడాది అన్నాడు. ఏడాది దాటినా ఎవరికీ నోరు రాలేదు.

గుంజలకు కళ్లు లేవు. కాపరి సైకిలు ముందు చక్రం ఎటు పోతే అదే దారి అని నమ్ముతాయి. వంకాయ రాళ్ల దగ్గర పందొమ్మిదో గుంజ ఉంది. అక్కడ దారి కుడికి. సుంకు పోయినప్పటి నుంచి ఆ గుంజ ఎడమకి పొమ్మంటోంది. ఎడమకి అరవై బారలు నడిస్తే గట్టు తెగిపోయి లోయ వస్తుంది. తెలిసినవాళ్లు నవ్వుకుని కుడికి పోయేవాళ్లు. పోయిన నెల ఎర్రగాలిలో బాలన్న ఆ మాట నమ్మి ఎడమకి పోయాడు. అంచుకు రెండు బారల ముందు గుంతలో పడి కాలు విరగబట్టి బతికాడు.

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను. గట్టు దాటి వచ్చినవాళ్లను అడిగి చూస్తే, ఆ గుంజ చెప్పే బారలు నెలనెలా పెరుగుతున్నాయి. నలభయ్యో రోజున ఎడమకి నాలుగు వందలు అంది. ఏడాదికి తొమ్మిది వేలు అంది. చక్రం తిరిగితేనే లెక్క పెరుగుతుంది. చక్రం తిరుగుతోందంటే నా బిడ్డ ఎక్కడో నడుస్తున్నట్టే అనుకున్నాను. అంచు అవతల గాలి తప్ప ఏమీ లేదని తెలిసి కూడా అనుకున్నాను.

"నువ్వు పోతావా, ఇంకొకర్ని పంపాల్నా?" అన్నాడు మామ.

"నేనే పోతా."

"ఒంటిగా పంపను. తోడెవరు?"

"నేను పోతా," అంటూ కాశెమ్మ వచ్చింది. బాలన్న పెళ్లామే. మా దొనల్లో సైకిళ్లు బాగుచేసేది ఆమే, ఎప్పుడు చూసినా చేతులకు నూనె మడ్డి. "నడిమధ్యన తిప్పక్క మనసు మార్చుకుంటే చెవి మెలిపెట్టి నడిపిస్తా. మామా, నీకేం దిగులొద్దు."

413. ఆదివారం

తెల్లవారుతూనే బయలుదేరాం. నేను తొక్కింది తక్కువ, తోసింది ఎక్కువ. యాభై రెండేళ్లకు మోకాళ్లు మాట వినవు. ఇరుకు చోట్ల సైకిలు భుజానికి ఎత్తుకోవాలి. కాశెమ్మ తన సైకిలు ఒక భుజానికి, నీళ్ల డబ్బా ఇంకో భుజానికి వేసుకుని, ఆగమ్మా ఆగు అని నన్నే వెక్కిరిస్తూ నడిచింది.

గట్టు మీద రాళ్లకు పేర్లన్నీ సుంకు పెట్టినవే. పసుపు కొమ్ములు, కారం మెట్ట, బొరుగుల గుట్ట, పెసరకట్టు బండ. వంటింటి పేర్లేమిటే అని నేను తిట్టేదాన్ని. ఆకలిమీద నడిచేవాళ్లకు అవే గుర్తుంటాయి అనేది. ఈ రోజు చూస్తే నిజంగానే ఎవరో పెద్ద రోట్లో నూరి ఒకదాని మీద ఒకటి పోసినట్టుంది. కింద ఎరుపు, దాని మీద పసుపు, దాని మీద బూడిద రంగు చార, మళ్లీ ఎరుపు. ఎండ వాలేకొద్దీ రంగులు లోపలి నుంచి పైకి వస్తున్నట్టు ఉంటాయి.

మొదటి గుంజ దగ్గరికి పోయాను.

"ఎవురు వచ్చేది?"

పద్నాలుగు నెలలుగా నేను ఊరి పక్క ఉన్న ఆ గుంజ దగ్గరికి వారానికి ఒకసారి వచ్చి నిలబడేదాన్ని. మాటకు ముందు చిన్నగా గొంతు సవరించుకుంటుంది. పసిపిల్లప్పటి నుంచి దానికది అలవాటు.

"నేనే పాపా," అన్నాను.

"నేనే పాపా, కుడికి మూడు బారలు. బండ జారుడు, సైకిలు దిగు."

అదీ గుంజ సంగతి. ఏ పేరు చెబితే ఆ పేరుతో పిలుస్తుంది. మనిషి ఎవరైనా దానికి ఒకటే.

కొత్త చక్రం గుంజ మొదటికి ఆనించాను. అప్పుడది ప్రశ్నలు వేస్తుంది. కుడికి ఏముంది? ఎడమకి ఏముంది? ఎన్ని బారలు? మనం చెప్పిన జవాబు ఒకసారి పాత గొంతుతో అంటుంది. రెండోసారి కొత్త గొంతుతో అంటుంది. పాత గొంతు ఆ గుంజలో ఇంక ఉండదు.

నాలుగో గుంజ దగ్గర తప్పు చేశాను. ఎడమకి ఏముంది అని అడిగితే, కళ్ల ముందు ఉన్నది చెప్పాను. ఎండిపోయిన రేగుచెట్టు ఉంది అన్నాను.

"రేగుచెట్టు. ఎడమకి ఆరు బారలు. పొండి," అంది గుంజ.

కాశెమ్మ నవ్వు ఆపుకోలేక కూలబడింది. "ఏమక్కా, దుమ్ములో కండ్లు కనపడని జనాన్ని ముండ్లలోకి తోల్తాండావే! నా మొగుడి కాలు చాల్లేదా?"

"చెట్టుంటే ఉందనాల గదా!"

"కాపరి 'ఉంది' అన్నాదంటే గుంజ ఆడికి దారేస్తాది. 'ఏమీ లేదు' అంటేనే మూస్తాది. నీ కూతురు నా అంగట్లో కూసోని లక్షసార్లు చెప్పింది. నీకు చెప్పలేదా?"

చెప్పే ఉంటుంది. నేను విని ఉండను. చక్రం మళ్లీ ఆనించి, ఏమీ లేదు అని చెప్పాను. చెట్టు నా ఎదుటే ఉంది.

ఈ రోజు తొమ్మిది గుంజలయ్యాయి.

414. సోమవారం

మధ్యాహ్నానికి ఎర్రగాలి లేచింది. పెద్దది కాదు. అయినా కాశెమ్మా నేనూ నడుములకు తాడు కట్టుకున్నాం. కారం మెట్ట ఎటు పోయిందో తెలియలేదు. కాళ్ల కింద నేల తప్ప లోకమంతా ఎర్రటి గుడ్డ.

దుమ్ములో గుంజలు దగ్గరికి రాకుండానే అరుస్తాయి. దారి తప్పినవాళ్లకు వినపడాలని. మేము పన్నెండుకూ పదమూడుకూ నడుమ ఉన్నప్పుడు వెనక నుంచి నా గొంతు అరిచింది. ముందు నుంచి సుంకు గొంతు అరిచింది.

"ఎవురు వచ్చేది?" అంది అది ముందర.

"ఎవురు వచ్చేది?" అన్నాను నేను వెనక.

రెండు గొంతులూ ఒకదాన్నొకటి అడుగుతున్నాయి. జవాబు ఎవరూ చెప్పలేదు. గాలి కొంచెం తగ్గినప్పుడు రెండూ ఒకేసారి అడిగి ఒకేసారి ఊరుకున్నాయి. నేను నడవలేక నిలబడ్డాను. ముందుకు పోతే ఆ గొంతు ఒక గుంజ తరిగిపోతుంది. నిలబడితే అది అడుగుతూనే ఉంటుంది.

తాడు గుంజింది. "అక్కా, నడువు," అంది కాశెమ్మ. ఎకసక్కెం లేదు. "నాకు బయమైతాంది. నా మొగుడు నిద్దట్లో ఇదే మాట అంటాడు. ఎవురు వచ్చేది, ఎవురు వచ్చేది అని. లేపితే, సుంకులమ్మ పిల్చినట్టు ఉండాది, పోకుంటే బాగుండదు అంటాడు."

"నువ్వు నా కూతుర్ని దయ్యమంటాండావా?"

"నేనేమీ అనలా. దయ్యమైతే పేరు తెలిసి పిలుస్తాది గదా. దీనికి నువ్వు కూడా తెల్దు. అదీ నా బయం."

సాయంత్రానికి గాలి వాలింది. పదిహేడో గుంజ దాటి, పద్దెనిమిది అయ్యేసరికి ఎదురుగా వంకాయ రాళ్లు కనిపించాయి. వాటిని సుంకు అలా ఎందుకందో ఈ రోజు చూశాను. ఊదారంగు. మీద నున్నగా మెరుపు. తొడిమలాగా ఆకుపచ్చ చార. అక్కడే పడుకున్నాం. పందొమ్మిదో గుంజ వినపడేంత దగ్గరికి పోలేదు.

415. మంగళవారం

పొద్దున గాలి సన్నగా ఉంది. ఆకాశం తేటగా ఉంది. గుంజ దగ్గరికి పోయాం.

"ఎవురు వచ్చేది?"

"తిప్పమ్మ."

"తిప్పమ్మ, ఎడమకి పదమూడు వేల రెండు వందల బారలు."

నేను నిలబడే ఉన్నాను. కొంచెంసేపటికి అడక్కుండానే మళ్లీ అంది. "ఎడమకి పదమూడు వేల రెండు వందల ఒకటి." ఆ తర్వాత, "రెండు వందల రెండు."

కాశెమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా. ఇప్పుడే తిరుగుతాండాది. చక్రం ఇప్పుడే, ఈడనే యాడో తిరుగుతాండాది."

"నడస్తాంది. నా బిడ్డ నడస్తాంది."

"గాలి వస్తాంది చూడు. గాలి వచ్చినప్పుడే లెక్క పెరుగుతాండాది. గాలి నిలబడితే నిలబడతాండాది." చక్రాలతో బతికే మనిషి కాశెమ్మ. నాకు తెలియని సంగతి ఆమెకు రెండు నిమిషాల్లో తెలిసింది. "నేల మీద తొక్కే చక్రం గాలికి ఆగదక్కా. ఇది యాడో వేలాడతాండే చక్రం."

ఎడమకి నడిచాం. అరవై బారలు. అంచున పడుకుని కిందికి చూశాం. లోయ అడుగున రంగు రంగుల రాతి గుట్టలు, పిల్లలు ఆడి వదిలేసిన గోలీల్లాగా. ఏమీ కనపడలేదు. అప్పట్లో వెతికినవాళ్లకూ ఏమీ కనపడలేదు. అంచు బండ బయటికి పొడుచుకుని ఉంటుంది, కింద ఏమున్నా దాస్తుంది. కానీ టిక్కు టిక్కుమని సన్నగా చప్పుడు వినిపించింది. చక్రానికి గుడ్డపేలిక తగిలితే వచ్చే చప్పుడు.

తాడు అంచు దగ్గరున్న వంకాయ రాయికి కట్టి, నా నడుముకు కట్టుకున్నాను. నేను దిగుతా అంది కాశెమ్మ. వద్దన్నాను. నువ్వు పైన ఉంటే నన్ను లాగగలవు, నేను పైన ఉంటే నిన్ను లాగలేను అన్నాను.

మూడు బారల కింద బండ లోపలికి తొలిచినట్టు ఉంది. ముగ్గురు కూర్చునేంత చోటు.

సైకిలు తలకిందులుగా నిలబెట్టి ఉంది. సీటు, చేతిపిడులు రాళ్ల నడుమ ఇరికించి ఉన్నాయి. కదలకుండా చున్నీతో కట్టి ఉంది, రెండు ముడులు, నేను నేర్పిన ముడి. ముందు చక్రం బయటికి, గాలికి ఎదురుగా పెట్టి ఉంది. చక్రం పుల్లలకు డబ్బా రేకు ముక్కలు వంచి తగిలించి ఉన్నాయి, గాలి పట్టేట్టు. చివరన ఒక పేలిక. టిక్కు టిక్కుమంటున్నది అదే.

దాని వెనక గోడకు ఆనుకుని సుంకు కూర్చుని ఉంది. ఒక కాలు చాపి ఉంది, ఆ కాలికి సైకిలు పంపు కర్రకట్టు లాగా కట్టి ఉంది. తల మోకాలి మీదికి వంచి ఉంది, లెక్కలు చేసేటప్పుడు కూర్చున్నట్టు. మీద దుమ్ము పొరలు పొరలుగా పేరుకుంది. ఎరుపు, పసుపు, మళ్లీ ఎరుపు. పక్కన నీళ్ల డబ్బా, మూత తీసి బోర్లించి ఉంది.

నేను అరవలేదు. అరిచానని కాశెమ్మ అంటోంది. నాకు తెలియదు.

నా బిడ్డ పడింది. కాలు విరిగింది. ఎర్రగాలిలో అరిస్తే వినపడదని దానికి తెలుసు. గుంజలు చక్రాన్ని నమ్ముతాయనీ తెలుసు. అందుకని చక్రం తిరిగేట్టు చేసింది. చక్రం తిరిగితే గుంజ ఎడమకి అంటుంది. గుంజ ఎడమకి అంటే ఎవరో ఒకరు ఏమిటిదని వచ్చి చూస్తారు. అదీ దాని లెక్క. లెక్క తప్పలేదు.

సుంకు పోయిన ఆ ఎర్రగాలి తొమ్మిది రోజులు వీచింది. నాలుగో రోజున ఉప్పు మోసే చిన్నోబయ్య గట్టు దాటి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా నడుస్తున్న మనిషి, కాళ్లకే దారి తెలుసు. మా గడపలో నిలబడి, "తిప్పమ్మా, నీ కూతురు గొంతు వంకాయ రాళ్లకాడ ఎడమకి పొమ్మంటాందే, ఏంది కత?" అన్నాడు. "గాలికి గుంజకు మతి పోయింటాది లే అన్నా, గాలి వాలితే పాప సరిచేస్తాది," అన్నాను. ఆయనకు సంగటి పెట్టాను. ఆకు కూర బాగుందన్నాడు.

నాలుగో రోజు. డబ్బా నీళ్లు ఎన్ని రోజులు వస్తాయని పైనున్న కాశెమ్మను అడిగాను.

"అడగాకక్కా," అంది.

"చెప్పు."

"జాగ్రత్తగా తాగితే ఆరు."

చేయి చాపి చక్రం పట్టుకున్నాను. నా అరచేతిలో అది కొంచెం తోసింది, పసిపిల్ల వేలు లాగినట్టు. ఆ తర్వాత ఆగింది.

కాశెమ్మ కూడా దిగి వచ్చింది. పైన లాగడానికి ఎవరూ లేకుండా ఎట్లా దిగావే అంటే, నన్ను కోతి అనుకో అని కళ్లు తుడుచుకుంది. సుంకును కదిలించలేదు. కదిలిస్తే నిలిచేట్టు లేదు. ఉన్న చోటునే రాళ్లు పేర్చి మూశాం. బండకు అంటుకున్న ఎర్రవి, పచ్చవి, ఊదావి, ఏవి ఊడి వస్తే అవి. మొగం దగ్గర పెట్టే రాయి మాత్రం నేను వెతికి తెచ్చాను. బొరుగుల్లాంటి తెల్లరాయి.

అంతా అయ్యాక కాశెమ్మ సైకిలు కట్లు విప్పి, ముందు చక్రం ఊడదీసి చేతిలో పట్టుకుంది. పేలిక, రేకులు తీసేసింది. ఇరుసు తుడిచింది.

"తిప్పక్కా. ఇది నీ సైకిలుకు ఎక్కిచ్చుకో."

నాకు అర్థం కాలేదు.

"ఈ చక్రంతో గట్టు తిరిగినావంటే గొంతు సుంకుదే ఉంటాది. దారి మళ్లీ కుడికి పడతాది. వెనకటి పద్దెనిమిది గుంజలు కూడా తిరిగి దాని గొంతుకే వస్తాయి. నేను ఎవురికీ చెప్పను. నా మొగుడికి కూడా చెప్పను."

గొంతు తీసేయించడానికి వచ్చిన మనిషి ఆమె. చక్రం ఒడిలోకి తీసుకున్నాను. తేలికగా ఉంది.

"దీనిలో పదమూడు వేల బారల గాలి ఉంది కాశీ. ఎవరూ నడవని నడక. ప్రతి గుంజలోనూ ఆ లెక్క కలుస్తాది. మూడు బారలనే చోట ముప్పై అంటాది. ఏ గుంజకాడ తప్పుతాదో నువ్వు చెప్పగలవా?"

"సరిచెయ్యొచ్చేమో."

"ఏమో అంటే తొమ్మిదిమంది పిల్లోళ్లు."

చక్రాన్ని రాళ్ల పక్కన పెట్టి పైకి ఎక్కాం.

గుంజ దగ్గరికి పోయేసరికి ఎండ వాలుతోంది. వంకాయ రాళ్లు నల్లబడుతున్నాయి.

"ఎవురు వచ్చేది?"

"తిప్పమ్మ."

"తిప్పమ్మ, కాపరి ఆగింది. ముందుకు దారి లేదు."

గొంతు సవరించుకుని మళ్లీ అదే మాట అంది. కాశెమ్మ పక్కకు తిరిగింది. నేను కొత్త చక్రం ఆనించాను.

"కుడికి ఏముంది?"

"దారి ఉంది. ఇరవయ్యో గుంజ దాకా. రెండు వందల పది బారలు. నడిమిన మెట్టు, సైకిలు దిగాల."

"ఎడమకి ఏముంది?"

నా కూతురే నన్ను అడుగుతోంది. దానికి అబద్ధం చెప్పడం చేతకాలేదు.

"నా కూతురుంది," అన్నాను.

"నా కూతురు. ఎడమకి అరవై బారలు. పొండి."

"అక్కా," అంది కాశెమ్మ మెల్లగా.

చక్రం వెనక్కి తీసి మళ్లీ ఆనించాను.

"ఎడమకి ఏముంది?"

"సమాధి."

"సమాధి. ఎడమకి అరవై బారలు. పొండి."

మళ్లీ.

"ఎడమకి ఏముంది?"

"ప్రమాదం ఉంది. పోవద్దు. చస్తారు."

"ప్రమాదం. ఎడమకి అరవై బారలు. పొండి."

నేను నేల మీద కూర్చుండిపోయాను. కాశెమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నేను చెప్తే అయ్యేదైతే నేనే చెప్దును," అంది. "గుంజ నా మాట వినదు. నువ్వు కాపరివి."

లేచాను. గుంజను రెండు చేతులా పట్టుకున్నాను. ఎండకు కాగి వేడిగా ఉంది.

"ఎడమకి ఏముంది?"

"ఏమీ లేదు."

"ఎడమకి ఏమీ లేదు," అంది సుంకు.

"ఎడమకి ఏమీ లేదు," అన్నాను నేను, గుంజలో నుంచి.

416. బుధవారం

ఇరవై నుంచి ముప్పైయొకటి దాకా అయ్యాయి. ప్రతి గుంజ దగ్గరా "ఎవురు వచ్చేది" అంటే నా పేరు చెప్పాను. ముప్పైయొకటో గుంజ దగ్గర కాశెమ్మ, కాసేపు ఆగుదామా అంది. ఆగలేదు. ఆగితే తిరిగి పోతాను.

చెలమలో నీళ్లు నిజంగానే లేవు. చేంతాడు దింపితే బురద వస్తోంది. రాచమ్మ అనే ముసలామె తన పూట నీళ్లు నాకు ఇవ్వబోయింది. మా డబ్బాలో మిగిలినది ఆమెకే పోశాను.

417. గురువారం

వాళ్లు మూటలు కట్టుకున్నారు. కాశెమ్మ వాళ్ల సైకిళ్లన్నీ చూసింది. పదకొండింటిలో నాలుగు పనికిరావంది. వాటి యజమానులు ఆమెతో గొడవపడ్డారు. "నా మొగుడు కూడా నీ మాదిరే పెద్ద మొనగాడు, పోయి కాలు చూడుపో," అని ఒకాయన నోరు మూయించింది.

నేను పడుకున్నాను.

418. శనివారం

నిన్న పదకొండు గంటలకు బయలుదేరాం. ఈ రోజు ఇరవయ్యో గుంజ దాటగానే గాలి లేచింది. ఇది పెద్దది. పిల్లల్ని మధ్యలో పెట్టి, అందరికీ కలిపి ఒకే తాడు కట్టింది కాశెమ్మ. తల్లులు పిల్లల మొగాలకు తడిగుడ్డలు చుట్టారు. ఒక పసివాడు అవతల ఉన్న చేయి ఎవరిదో తెలియక కాశెమ్మను అమ్మా అని పిలిచాడు. ఊ అంది ఆమె.

కష్టమైన గుంజ దగ్గర కాపరి నిలబడి అందరూ దాటేదాకా ఉండాలి. నేను ముందు పోయి పందొమ్మిదో గుంజకు వీపు ఆనించి నిలబడ్డాను. గుంజ మాట్లాడేటప్పుడు కాపరి నోరు తెరవకూడదు. ఒకే గొంతు రెండు చోట్ల వినపడితే జనం తికమక పడతారు.

తాడు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు. చెలమ వైపు నుంచి వచ్చేవాళ్లకు గుంజ కుడిఎడమలు తిప్పి చెప్పదు. కాపరి ఏ పక్క మూసిందో అదే చెబుతుంది. అందుకని ఎడమంటే లోయ వైపు అని ముందే చెప్పి, గుంజకు ఆ పక్క చేతికి తగిలేట్టు నా ఎర్ర రుమాలు కట్టాను.

"ఎవురు వచ్చేది?"

"రాచమ్మ."

"రాచమ్మ, ఎడమకి ఏమీ లేదు. దారి పట్టుకుని పో."

"ఎవురు వచ్చేది?"

"చిట్టి."

"చిట్టి, ఎడమకి ఏమీ లేదు. దారి పట్టుకుని పో."

నా గొంతు అంత గరుగ్గా ఉంటుందని నాకు తెలియదు. చిట్టి అనే ఆ పిల్లకు ఆరేళ్లుంటాయి. గుంజ మాట విని ఉలిక్కిపడి వాళ్లమ్మతో, "ఈ అవ్వ కోపంగా ఉండాది," అంది. వాళ్లమ్మ, "కోపం కాదులే, దారి చెప్తాంది, నడువు," అంది.

ఇరవైమూడు సార్లు చెప్పింది. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. చివర కాశెమ్మ వచ్చి, పేరు చెప్పి, మాట విని, నన్ను దాటిపోతూ నా భుజం మీద చేయి వేసి తీసింది.

అందరూ దారిలోనే పోయారు. ఒక్కరు కూడా ఎడమకి తల తిప్పి చూడలేదు.